వాసన పోయినా విషం పోదు

"ప్రకృతి ఇచ్చిన గింజే కదా హకీం సాబ్, హాని ఏముంటుంది?" అని దవాఖానాలో చాలామంది అడుగుతుంటారు. వారికి నేను గింకో గింజ సంగతి చెబుతాను.

చైనా, జపాన్, కొరియాల్లో శరదృతువులో ఈ గింజలు రాలితే వీధంతా కంపు. పాడైన వెన్నలో ఉండే బ్యుటిరిక్ ఆమ్లమే పైగుజ్జులోనూ ఉంటుంది. ఆ గుజ్జు తగిలితే మన నల్లజీడి రసం అంటినట్లు చర్మం పొక్కుతుంది. అందుకే చేతులకు తొడుగులు వేసుకుని గుజ్జు తీసి, కడిగి, ఆరబెట్టి, పెంకు పగలగొట్టి, పప్పును వేయించో ఉడికించో తింటారు. జపాన్‌లో గుడ్డుతో ఆవిరిపై వండే చవన్‌ముషిలో వేస్తారు.

వాసన పోగానే భయం తీరిందనుకోవడం పొరపాటు. పప్పులోని గింకోటాక్సిన్ వేడికి పూర్తిగా నశించదు. అది బి6 విటమిన్ పనిని అడ్డుకుని వాంతులు, ఫిట్స్ తెస్తుంది. చిన్నపిల్లలకు ప్రాణాపాయం.

యునానీలో నల్లజీడిని, అంటే బలాదుర్‌ను, శుద్ధి చేయనిదే వాడం. వంటతో పూర్తిగా శుద్ధి కాని గింజపై ఇంకెంత జాగ్రత్త ఉండాలి? పసిపిల్లలకు ఒక్కటీ పెట్టవద్దు. పెద్దలకు రుచికి నాలుగైదు చాలు. పిల్లలు తిని వాంతి చేసుకుంటే ఇంటి చిట్కాలు వద్దు, నా దవాఖానాకూ రావద్దు. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ బి6 ఇంజెక్షన్ ఇస్తారు.