పెద్దలూ, చేతులు తీయండి

"క్లబ్ పెట్టడం మంచిదే సార్. కాకపోతే కాన్సెప్టు మనమే ఇవ్వాలి. పిల్లలకేం తెలుసు?"

ఈమధ్య ఒక బడి యాజమాన్యం మనిషి నోట విన్న మాట ఇది. సృజనాత్మకంగా సమస్యలు పరిష్కరించే పోటీలకు పిల్లల్ని పంపడానికి ఒక క్లబ్ పెడదామని కూర్చున్న సమావేశంలో అన్నారు. వచ్చిన తల్లిదండ్రులంతా తలలూపారు. అప్పటినుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. అది ఆ ఒక్క మనిషి మాట అయితే ఇంత రాయక్కర్లేదు. మన బడుల్లో, ఇళ్ళలో, సైన్సు ప్రదర్శనలు జరిపే ఆఫీసుల్లో పాతుకుపోయిన నమ్మకం అది. ఆలోచన పెద్దవాళ్ళది, అట్టముక్కలు అంటించడం పిల్లలది, కప్పు బడిది.

ఏ సైన్సు ప్రదర్శనకైనా వెళ్ళి ఒక గంట తిరగండి. సిరంజీలతో నడిచే జేసీబీ, థర్మాకోల్ మీద ఇంకుడు గుంత, వెనిగర్ పోస్తే పొంగే అగ్నిపర్వతం, చెయ్యి చాపగానే మూత తెరుచుకునే చెత్తబుట్ట. ఏటా అవే, ఎక్కడ చూసినా అవే. ఒక్కో బల్ల వెనక ఒక్కో పిల్లవాడు బట్టీపట్టిన నాలుగు వాక్యాలు ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతుంటాడు. యూట్యూబులో దొరికిన దాన్ని టీచరు ఎంచి, తండ్రి సామాను కొని, రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని అతికించిన మోడల్ అది. డబ్బున్నవాళ్ళకు ఆ కష్టం కూడా లేదు, రెడీమేడ్‌గా కొనేస్తారు.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ కోపం తెప్పించేది అంధుల చేతికర్ర. ఒక ఆర్డునో బోర్డు, ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు, ఒక బజరు, ఒక పీవీసీ పైపు. సెన్సరు ఎక్కడ పెడతారో చూడండి: కర్ర అడుగున, నేలకు జానెడు ఎత్తులో. నేలమీది అడ్డంకి సంగతి మామూలు తెల్లకర్ర తగలగానే తెలుస్తుంది. దానికి బజరు అక్కర్లేదు. చూపులేనివాళ్ళకు దెబ్బ తగిలేది మోకాలి పైన. కిందికి వాలిన కొమ్మ, ఆగివున్న లారీ వెనక భాగం, బయటికి తెరిచిన కిటికీ రెక్క, ఇవీ వాళ్ళకు ప్రమాదం. ఢిల్లీ ఐఐటీలో రూపొందిన స్మార్ట్‌కేన్ కనిపెట్టి హెచ్చరించేది సరిగ్గా ఆ పైనున్న అడ్డంకుల్నే. దాన్ని తయారుచేసినవాళ్ళు చూపులేనివాళ్ళ చేత వాడించి, వాళ్ళ మాట విని, మార్పులు చేసుకున్నారు. మన ప్రదర్శనలో నిలబడిన పాపను "ఈ కర్ర చూపులేనివాళ్ళకు ఎవరికైనా ఇచ్చి చూశావా అమ్మా?" అని అడిగాను. పాప టీచరమ్మ వైపు చూసింది. ఆ పాప తప్పేమీ లేదు. ఎవరినైనా అడగాలన్న ఊహ రాకముందే ఆమె చేతిలో కర్ర పెట్టేశారు. అలాంటి కర్రలకు ఏళ్ళ తరబడి బహుమతులిస్తున్న జడ్జీలు సమాధానం చెప్పాలి.

క్లబ్బులు పెడితే పదో తరగతి చదువులు పాడవుతాయనే వాదన ఒకటి వినిపిస్తుంది. ఆదివారాలు కూడా స్టడీ అవర్లు పెట్టే బడులు క్లబ్బుకు వారానికి రెండు గంటలు లేవంటే నేను నమ్మను.

ఇలాంటి క్లబ్బులకు మూలమైన పోటీ సంగతి చూద్దాం. అమెరికాలోని న్యూజెర్సీలో, గ్లాస్‌బరో స్టేట్ కాలేజీలో శామ్ మిక్లస్ అనే ప్రొఫెసర్ ఇండస్ట్రియల్ డిజైన్ విద్యార్థులకు విచిత్రమైన పనులు అప్పగించేవాడు. అందులోంచి 1978లో ఒడిస్సీ ఆఫ్ ది మైండ్ పోటీ పుట్టింది. జట్టుకు ఏడుగురికి మించి ఉండరు. ఒక సమస్య మీద నెలల తరబడి పనిచేసి ఎనిమిది నిమిషాల్లో చూపించాలి. ఒక విభాగంలో తేలికైన బాల్సా కర్రతో, జిగురుతో చిన్న కట్టడం కట్టి, అది విరిగేదాకా మీద బరువులు పేరుస్తారు. అప్పటికప్పుడు ఇచ్చే సమస్య ఇంకొకటి ఉంటుంది. ఆ గదిలోకి కోచ్‌ను రానివ్వరు. సామాను ఖర్చుకూ హద్దుంది. వీటన్నిటికీ ప్రాణం ఒకే నియమం: బయటివాళ్ళ సాయం పనికిరాదు. రంపం పట్టుకోవడం పెద్దవాళ్ళు నేర్పవచ్చు, ఎక్కడ కొయ్యాలో చెప్పకూడదు. చెబితే మార్కులు పోతాయి. అక్కడ సృజనకు ఇచ్చే బహుమతికి రనాత్రా ఫుస్కా అనే నీటిపురుగు పేరు పెట్టారు. ఆ పురుగును చూసి ఒక విద్యార్థి చేసిన నీటివాహనం గెలవలేదు. అయినా ఆ ఊహకున్న తెగువను గుర్తించి ఆ పేరు నిలిపారు. 1999లో మొదలైన డెస్టినేషన్ ఇమాజినేషన్ కూడా పెద్దల జోక్యాన్ని అలాగే నిషేధించింది.

మనవాళ్ళు బ్యానరు తెచ్చుకుంటారు, టీషర్టులు కుట్టిస్తారు, ఫ్లెక్సీ మీద కరస్పాండెంటు గారి ఫొటో వేస్తారు. ఆ ఒక్క నియమం మాత్రం వదిలేస్తారు. అది పోయాక మిగిలేది తల్లిదండ్రుల మధ్య పోటీ.

ప్రభుత్వ పథకాలున్నా వాటి గతీ ఇంతే. పిల్లలు తమ చేతులతో వస్తువులు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ పెట్టడానికి బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. నేను వెళ్ళిన ఒక బడిలో త్రీడీ ప్రింటరు మీద గుడ్డ కప్పి గదికి తాళం వేశారు. పిల్లలు పాడుచేస్తే ఎవరు జవాబు చెప్పాలని భయం. ఇన్‌స్పైర్ మానక్‌లో సొంత ఆలోచనలు పంపి ఎంపికైన పిల్లలకు 10,000 రూపాయలు వస్తాయి. ఎంత మంచి పథకం! ఆఖరి తేదీ ముందురోజు స్టాఫ్‌రూములో కూర్చుని టీచర్లే ఆలోచనలు రాసి, పిల్లల పేర్లు తగిలించి పంపితే ఆ పథకం ఎవరికోసం?

కాన్సెప్టు పెద్దలే ఇవ్వాలంటారు కదా, మరి ఆసు యంత్రం చేసిన ఆలేరు చింతకింది మల్లేశానికి కాన్సెప్టు ఎవరిచ్చారు? చీర నేతకు దారం చుట్టి ఆసు పోయడానికి రోజూ వేలసార్లు చెయ్యి తిప్పి తల్లి లక్ష్మి పడే బాధ ఆయన చూశాడు. చిన్ననాడే బడి మానేసిన మనిషి, ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సమస్య తన ఇంట్లోది కనుక మధ్యలో ఎన్నిసార్లు ఆగినా వదిలిపెట్టలేదు. ప్రతి పిల్లవాడూ మల్లేశం అవుతాడని నేననడం లేదు. తన కళ్ళతో చూసిన ఇబ్బంది మీద పనిచేసే హక్కు ప్రతి పిల్లవాడికీ ఉందంటున్నాను.

క్లబ్ పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఏడుగురు పిల్లలు, శనివారం రెండు గంటలు, గుజిరీ కొట్టు నుంచి తెచ్చిన సామాను, చీపురుపుల్లలు, సైకిల్ ట్యూబులు చాలు. మధ్యాహ్న భోజనమయ్యాక కంచాలు కడిగే కుళాయి దగ్గర రోజూ తోపులాటే. దాంతోనే మొదలుపెట్టవచ్చు. టీచరు దెబ్బలు తగలకుండా చూడాలి, అడిగితే పనిముట్టు వాడటం చూపించాలి. ఉండబట్టలేక ఉపాయం చెప్పబోతే గది బయటికి వెళ్ళాలి. మిగతాది పిల్లలే తేల్చుకుంటారు.

జడ్జీలకు ఒక్క నియమం పెట్టండి. బహుమతి ప్రకటించే ముందు ఆ మోడల్‌ను జట్టు చేతే విప్పించి, మళ్ళీ బిగించమనండి. బిగించలేని జట్టుకు బహుమతి లేదు, ఆ బడి వచ్చే ఏడు రానక్కర్లేదు. ఈ నియమానికి ఒప్పుకోని యాజమాన్యాలు క్లబ్ పెట్టవద్దు. ఆ డబ్బుతో లైబ్రరీకి పుస్తకాలు కొనండి.