టికెట్ దొరకకపోతే మనిషి కాకుండా పోతాడా?

కొత్తవలస–కిరండూల్ రైలు మన కొండల మీదుగానే పోతుంది. ఆ బండిలోంచి జారిపడి మనవాడి కాలు పోయింది అనుకుందాం. జేబులో టికెట్ లేదని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ దరఖాస్తు కొట్టేస్తే 'మన రాత' అని ఊరుకుంటున్నాం. ఎందుకు ఊరుకోవాలి? టికెట్ దొరకనంత మాత్రాన పరిహారం కాదనకూడదని, ప్రయాణికుడేనని అఫిడవిట్ ఇస్తే ఆపై రుజువు భారం రైల్వేదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చిన 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆ 90 రోజులూ మనం భయంతోనే పోగొట్టుకుంటున్నాం. రైల్వేకు వకీళ్లున్నారు. మనకూ ఉన్నారు: 1987 న్యాయసేవల చట్టం ఆదివాసీకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది.

బడిలో మేం అక్షరాలు నేర్పుతున్నాం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆ అక్షరాలతో ముందు తీర్పు కాగితం మీది తేదీ చదవండి. రోజులు లెక్కపెట్టండి.