తోట దోవకి కలుపు మందు వద్దు



వానలు పడినాక మన తోటల్లో దోవలు కనబడటం లేదు. గరిక, తుంగ, కాంగ్రెస్ గడ్డి మోకాలెత్తు లేచి ఉండాయి. కూలోళ్లు దొరకడం లేదని చాలామంది దోవలో కలుపు మందు కొట్టే ఆలోచనలో ఉండారు. కొట్టే ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

మాది చింతామణి పక్క పల్లె. ఒకటిన్నర ఎకరా వి-1 తోట. మూడేండ్ల కింద మేమూ ఇట్లే దోవకి మందు కొట్టినాం. స్ప్రేయర్ పక్క టమాటా తోట నుంచి తెచ్చినాం. నీళ్లతో ఒకసారి కడిగి, చాల్లే అనుకున్నాం. గాలికి కొంత మందు దోవ పక్క సాళ్ల మీద పడింది. ఆ ఆకు నేనే కోసి, నాలుగో జ్వరం లేచిన పురుగులకి వేసినా. తెల్లారేసరికి పురుగులు తల పైకెత్తి ఊపుతా, పచ్చనీళ్లు కక్కి, ముడుచుకొని పడి ఉండాయి. 100 మొట్టెల చాకీ, అంటే 40 వేల పైన పురుగులు. రెండు వారాల్లో గూడు మార్కెట్‌కి పోవాల్సిన పంటని గుంత తీసి పూడ్చినాం. కూలి డబ్బు మిగిలిందని సంతోషపడినోళ్లం కూడా మేమే.

కలుపు మందు వేరే, పురుగు మందు వేరే కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ స్ప్రేయర్ ఒకటే. టమాటాలో పురుగుని చంపే మందు మన పట్టుపురుగుని వదిలిపెడుతుందా? ఒట్టి కలుపు మందే అయినా, గాలికి ఆకు మీద పడితే చిగురు చెడుతుంది.

అట్లని దోవని గడ్డికి వదిలేయమని నేను చెప్పడం లేదు. 2008లో కోయంబత్తూరు పక్క బయటపడిన బొప్పాయి పిండినల్లి తర్వాత మల్బరీ తోటలకి పాకింది. అది కాంగ్రెస్ గడ్డి మీద కూడా బతుకుతుంది. మనం ఆకు కోసేసి తోట ఖాళీ అయినప్పుడు దానికి ఇల్లు ఆ దోవలోనే. ఇంకో మాట. ఆకు మోసేది ఎక్కువగా ఆడోళ్లమే. తెల్లారి మంచులో, తలమీద మోపుతో నడిచేటప్పుడు గడ్డిలో పాము ఉందో, గుంత ఉందో ఎట్ల తెలుస్తుంది?

నా అభిప్రాయం ఒకటే. దోవ పనిని పంట లెక్కలో రాయండి. మొట్టెకి, చాకీకి, ఎరువుకి, కూలికి పుస్తకంలో లెక్క రాస్తాం. దోవకి రాయం. రాయని పని కాబట్టి అది చివరికి మందు డబ్బా దాకా వస్తుంది.

ఇప్పుడు మేము చేసేది చెప్తా. ఒక పంట అయిపోయి, మళ్లీ చాకీ తెచ్చే లోపల బ్రష్ కట్టర్‌తో దోవ కోయిస్తాం. ఐదిండ్లోళ్లం కలిసి బాడిగకి తెచ్చుకుంటాం కాబట్టి ఖర్చు పంచుకుంటాం. గడ్డిని వేర్లతో చెక్కం. వాలు నేలలో చెక్కితే వానకి మట్టి కొట్టుకుపోతుంది, మళ్లీ గుంతలే. కాంగ్రెస్ గడ్డిని మాత్రం పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేర్లతో పీకుతాం. పూసిందంటే ఒక్క చెట్టు వేల గింజలు రాలుస్తుంది. చేతులకి గుడ్డ కట్టుకోండి, లేకుంటే ఒళ్లంతా దురద.

ఒక తప్పు చాలామంది చేస్తా ఉండారు. గడ్డి లేవకూడదని పురుగులు తిని వదిలిన కట్టె, రొట్ట దోవలో పరుస్తారు. అందులో రోగం ఉంటే మన కాళ్లతోనే మళ్లీ షెడ్డులోకి మోసినట్లే. అది కంపోస్టు గుంతకే పోవాల.

వారానికి అరగంట పని ఇది. పోయిన పంట మాత్రం తిరిగి రాదు. మీ తోటలో దోవ పని ఎవరు చేస్తా ఉండారు, దానికి ఎంత అవుతా ఉంది? గ్రూపులో వాయిస్ పెట్టండి, అందరం విందాం.