ఇల్లు కట్టువారి పత్రములు

సికిందరాబాదునందు మారేడుపల్లి మొదలు పద్మారావునగరు వఱకు పాత యిండ్లు ఒక్కొక్కటియే నేలమట్టమై, వాని స్థానమున అపార్టుమెంటులు లేచుచున్నవి. నగలమ్మిన సొమ్మును, పదవీవిరమణమున వచ్చిన సొమ్మును జేర్చి, కాగితముమీది యింటికి ముందుగనే చెల్లించుచున్నారము. బిల్డరుగారి గోడమీద అద్దములో బిగించిన పత్రమును జూచి, "మాది రిజిస్టరైన సంస్థ" యను మాట విని తృప్తి జెందుచున్నారము. సోదరీమణులారా! రిజిస్టరైనది యేది? సంస్థయా, మేడయా, మేడను గీచిన మనుష్యుడా? మూడింటికిని మూడు చట్టములు గలవు. ఒక పుస్తకమున పేరున్నంతమాత్రమున రెండవదానిలో నున్నట్లు గాదు.

నలుగురు కూడి చేయు వ్యాపారమునకు 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము మూలము. చిత్రమేమనగా, ఆ చట్టము సంస్థను నమోదు చేయించి తీరవలెనని నిర్బంధింపదు. నమోదు లేని సంస్థ తన యొడంబడికనుబట్టి పరులపై వ్యాజ్యము వేయజాలదు. పరులు దానిపై వేయుటకు మాత్రము అడ్డు లేదు. నమోదైనచో భాగస్థుల పేర్లు, చిరునామాలు, చేరిన తేదీలు రిజిస్ట్రారు పుస్తకమున నుండును. రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చును. ఇది మనకు మిక్కిలి యుపయోగము. ఏలయన, భాగస్వామ్యమున సంస్థ ఋణమునకు ప్రతి భాగస్థుడును సొంత యాస్తితో గూడ బాధ్యుడు. ఒకడు పరారియైనను తక్కినవారిని పట్టుకొనవచ్చును.

కంపెనీ సంగతి వేఱు. 2013వ సంవత్సరపు చట్టము క్రింద నమోదైన లిమిటెడ్ కంపెనీ తానే యొక వ్యక్తి. దాని యప్పునకు వాటాదారుల సొంత యిండ్లు సాధారణముగా రావు. పేరు చివర "లిమిటెడ్" అని యుండుట ఘనతకు బిరుదని తలచువారు మనలో పెక్కురు. అది బాధ్యతకు గీచిన గీత.

ఈ పత్రములలో నేదియు మన సొమ్ము పదిలమని చెప్పదు. అందులకై వచ్చినది 2016వ సంవత్సరపు చట్టము, జనులు "రెరా" యనునది. స్థలము 500 చదరపు మీటర్లకు గాని, ఫ్లాట్లు ఎనిమిదింటికి గాని మించని చిన్న కట్టడములను ఆ చట్టము విడిచిపెట్టినది. తక్కినవానిని నమోదు చేయింపక ప్రకటించుటయు, అమ్ముటయు నిషిద్ధము. తప్పినచో నిర్మాణవ్యయపు అంచనాలో 10 శాతము వఱకు జరిమానా. కొనువారి సొమ్ములో 70 శాతమును వేఱు బ్యాంకు ఖాతాలో నుంచి, ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డు అకౌంటెంటు ధ్రువీకరించిన మేరకే తీయవలెను. రిజిస్టరైన ఒప్పందము లేక ధరలో 10 శాతమునకు మించి పుచ్చుకొనరాదు. స్వాధీనము చేసిన అయిదేండ్లలో నిర్మాణలోపము బయటపడి తెలిపినచో 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. "ప్రీలాంచ్" అని పేరుపెట్టి, అనుమతి రాకముందే ధర తక్కువయని సొమ్మంతయు రాబట్టు పద్ధతి మన జంటనగరములలో ఎన్నో కుటుంబములను ముంచినది. ఆశ మగవారిదని మనము నిందింతుము గాని, పేరంటమున విని వచ్చి తొందరపెట్టునది తఱచుగా మనమే.

ఇక గీచినవారు. మయమతము, మానసారము అను గ్రంథములు ఇల్లు కట్టువారిని స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి యని నలుగురిగా విభజించి, స్థపతికి శాస్త్రజ్ఞానము విధించినవి. నేడు 1972వ సంవత్సరపు చట్టముచే ఆర్కిటెక్టుల మండలిలో పేరున్నవారికే "ఆర్కిటెక్టు" అను పేరు చెల్లును. భాగస్వామ్యసంస్థ ఆ పేరు పెట్టుకొనవలెనన్న భాగస్థులందఱును నమోదైయుండవలెను. అయితే ఆ చట్టము కాపాడునది పేరునే గాని పనిని గాదని 2020వ సంవత్సరమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున సంఖ్య నడుగుడు.

కంటోన్మెంటు హద్దులోని యింటికి ప్లాను మంజూరు చేయునది నగర పురపాలకసంఘము గాదు, కంటోన్మెంటు బోర్డు. ఆ ముద్ర వేఱుగా నుండును.

రెరా సంఖ్యను బిల్డరు తన ప్రకటనలోనే ముద్రింపవలెను. ఆ సంఖ్యతో తెలంగాణ రెరా వారి వెబ్‌సైటున వెదకి, అందున్న సంస్థ పేరును, ఒప్పందముపై సంతకము చేయు సంస్థ పేరును అక్షరమక్షరము పోల్చి చూడవలెను. పేరు ముందు "శ్రీ" యొక్కటి హెచ్చినను అది వేఱొక సంస్థ కావచ్చును.