అనుమతి వేరు, సమ్మతి వేరు

కొన్నేళ్ళ క్రితం ఒక విశ్వవిద్యాలయంలో ఒప్పంద అధ్యాపకుడిగా ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అటెండరు ఒక ప్రశ్నావళి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ఉద్యోగుల మానసిక ఒత్తిడి మీద ఎవరో చేస్తున్న పీహెచ్‌డీ పరిశోధన. పైన "రిజిస్ట్రారు అనుమతితో" అని ఉంది. "సాయంత్రానికల్లా నింపి హెడ్డుగారికి ఇవ్వమన్నారండీ" అన్నాడు.

పేరు రాయనక్కరలేదట. శాఖ, హోదా, వయసు, స్త్రీయా పురుషుడా అన్నవి మాత్రం రాయాలి. మా శాఖలో ఒప్పందం మీద ఉన్నది ఇద్దరమే, రెండవవారు మహిళ. ఇక పేరు దాచి ఏం లాభం? పై అధికారి ప్రవర్తన వల్ల ఒత్తిడి కలుగుతున్నదా అన్న ప్రశ్నకు "ఎన్నడూ లేదు" అని టిక్కు పెట్టి ఇచ్చేశాను. అది అబద్ధం. మరుసటి ఏడు నా ఒప్పందం పొడిగించాలని సిఫారసు చేయవలసినది ఆయనే.

ఆ పరిశోధకుణ్ణి తప్పుపట్టను. అనుమతి పత్రం తెచ్చుకున్నాడు, అంతటితో తన బాధ్యత తీరిందనుకున్నాడు. కానీ రిజిస్ట్రారు ఇవ్వగలిగినది ప్రాంగణంలోకి రావడానికి అనుమతి మాత్రమే. నా మనసులో మాట అడగడానికి సమ్మతి ఇవ్వవలసింది నేను. ఫారాలు ఎవరు పంచుతున్నారు, తిరిగి ఎవరి చేతికి వెళుతున్నాయి అని ముందే నిలదీయడం నైతిక సమీక్షా సంఘం పని.

ఈ రెంటినీ కలగలిపితే ఎంత దూరం పోతుందో ఖమ్మం జిల్లాలో చూశాం. 2009లో అక్కడ మొదలైన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో, తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలను ఎన్నో పత్రాల మీద హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు చేసేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకాకూ ప్రశ్నావళికీ పోలికేమిటంటారేమో. హానిలో పోలిక లేదు. ఒకరి మాటను మరొకరు ఇచ్చెయ్యడంలో ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు ఖైదీలు, సైనికులతో పాటు ఉద్యోగులనూ, విద్యార్థులనూ ప్రత్యేక రక్షణ అవసరమైనవారిలో చేర్చాయి. అవి ఆరోగ్య పరిశోధనలకు. మరి వాణిజ్య శాఖలోనో, విద్యాశాఖలోనో సర్వేకి చిక్కిన ఒప్పంద ఉద్యోగి మాటేమిటి?

ఇంకో కాగితమా అని పరిశోధక విద్యార్థులు విసుక్కుంటారని తెలుసు. నేనడిగేది కాగితం కాదు. అంటించిన కవరు, హెడ్డుగారి గదికి దూరంగా ఒక పెట్టె, వద్దంటే ఏమీ కాదని చెప్పే ఒక్క వాక్యం.

ఆ సిద్ధాంత గ్రంథానికి ఈపాటికి పట్టా వచ్చే ఉంటుంది. అందులో ఏదో ఒక శాతంలో నా అబద్ధమూ కలిసి ఉంటుంది.