దీక్షా నియమాల్లో మాటకూ చోటుండాలి

అయ్యప్ప మండల దీక్ష 41 రోజులు. తెల్లవారకముందే చన్నీటి స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని నడక, నేలపడక, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, బ్రహ్మచర్యం, మద్యమాంసాల విసర్జన. తెలుగునాట కార్తికం వస్తే ఈ నియమాలు పిల్లలు కూడా ఏకరువు పెడతారు. వీటిలో ఏది తప్పినా గురుస్వామి మందలిస్తాడు. మాలలో ఉన్న స్వామి ఆటోవాడి మీద నోరు పారేసుకున్నా, కొట్లో తూకం తగ్గించినా దీక్ష చెడిందని మాత్రం ఎవరూ అనరు.

శాస్త్రం తీరు వేరు. గౌతమ ధర్మసూత్రం 40 సంస్కారాలు చెప్పి, వెంటనే ఎనిమిది ఆత్మగుణాలు చెప్పింది: సర్వభూతదయ, ఓర్పు, అసూయ లేకపోవడం, శుచి, ఒంటిని మితిమీరి కష్టపెట్టకపోవడం, మంగళకరమైన నడవడి, లోభం లేకపోవడం, పరుల సొత్తుకు ఆశపడకపోవడం. సంస్కారాలన్నీ జరిగినా ఈ గుణాలు లేనివాడికి బ్రహ్మసాయుజ్యం లేదని, కొన్నే జరిగినా గుణాలున్నవాడికి ఉందని తేల్చింది. ఎనిమిదింటిలో స్నానంతో పని పడేది ఒక్క శుచికే.

భగవద్గీత 17వ అధ్యాయం తపస్సును శరీరం, వాక్కు, మనసు అని మూడుగా విడదీసింది. ఎదుటివారిని నొప్పించని మాట, నిజమూ ప్రియమూ హితమూ అయిన మాట, స్వాధ్యాయం కలిస్తే వాఙ్మయ తపస్సు. నేటి దీక్షలో అది శరణుఘోష దగ్గరే ఆగిపోతోంది. నిజానికి దానికి పునాది దీక్షలోనే ఉంది: మాల వేసుకున్నవాడు ఎదురైనవారినల్లా 'స్వామీ' అని పిలవాలి. శబరిమల సన్నిధానం ముందు రాసి ఉన్న 'తత్త్వమసి'కి ఇది ఆచరణ రూపం. స్వామీ అని పిలిచిన నోటితోనే తిడితే ఆ పిలుపు ఉత్త అలవాటు.

అందుకే మాలధారణ నాడే గురుస్వామి తిట్టు, చాడీ, అబద్ధం కూడా నిషిద్ధమని చెప్పాలి. తప్పినవారు ఆ పూటంతా మౌనం పాటించాలి. వ్యాపారం చేసే స్వాములకు తూకం, ధర కూడా నియమాల్లోకే వస్తాయి. పడిపూజల మైకులు రాత్రి పదికల్లా ఆగాలి. చట్టం చెప్పేదీ అదే, ఇరుగుపొరుగుపై దయ కోరేదీ అదే.

కోపం సహజం, దాన్ని నియమంలో పెడితే కన్నెస్వాములు జంకుతారని కొందరి అభ్యంతరం. ఆకలీ సహజమే, దాన్ని అదుపు చేయడానికి జంకనివారు నాలుక దగ్గర జంకనక్కర్లేదు.

మాల విరమణ నాటి సాయంత్రమే సీసా తెరిచేవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. 41 రోజుల నియమాలన్నీ ఏడాది పొడవునా సాగవు, సాగనక్కర్లేదు కూడా. మాల తీసేముందు ఒక్క నియమాన్ని ఎంచుకుని, మళ్లీ కార్తికం దాకా పాటిస్తానని గురుస్వామి ఎదుట చెప్పే పద్ధతి ప్రతి పీఠంలో మొదలుకావాలి.