లాన్‌లో గొయ్యి

మా ఊరు పరవాడ. చిన్నప్పట్నుంచీ విశాఖపట్నం జిల్లా అని రాసుకున్నాం, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అని రాసుకుంటున్నాం. బయటివాళ్ళకి ఊరి పేరు చెప్తే తెల్లమొహం వేస్తారు. సింహాద్రి ఎన్టీపీసీ, ఫార్మా సిటీ అంటే మాత్రం "ఓ, అదా" అంటారు. ఈ టపా ఆ రెండిటి గురించీ కాదు, మా ఇంటి ముందు లాన్‌లో పడ్డ గొయ్యి గురించి. గుంట అని రాద్దామనుకున్నా గానీ, మా వైపు గుంట అంటే ఆడపిల్ల. అనవసరమైన అపార్థాలెందుకని మానేశా.

ఇదీ ఒక టాపిక్కేనా అనిపించొచ్చు. ఆ గోతిలో కాలు పడి మా అమ్మ మణికట్టు విరిగింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరు వారాలు కట్టుతో ఉంది. తప్పు గడ్డిది కాదు, నాది. ఎలాగో చెప్తా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్ల గాలి. ఆ రోజు పడిపోయిన చెట్లకి లెక్కే లేదు. మా వాకిట్లో వేపచెట్టు కూడా పడింది. రంపంతో కోసి కలప పట్టుకెళ్ళినవాళ్ళు, మొద్దు దగ్గరికొచ్చేసరికి "వేళ్ళు తవ్వాలంటే రెండ్రోజుల పని" అన్నారు. కరెంటే లేని రోజుల్లో మొద్దు సంగతి ఎవరికి కావాలి? నేలమట్టానికి కోసి, పైన నాలుగు తట్టల మట్టేసి వదిలేశారు.

నాలుగేళ్ళ తర్వాత నాకు లాన్ సరదా పుట్టింది. హైదరాబాద్‌లో కూర్చుని, ఫోన్లో ఒక కాంట్రాక్టర్‌తో మాట్లాడేశా. ఆయన వాకిలంతా ఎర్రమట్టి పరిచి, దాని మీద కడియం నర్సరీల నుంచి తెచ్చిన గడ్డి కార్పెట్లు వేసి, వాట్సాప్‌లో ఫొటోలు పంపాడు. పచ్చగా, చదునుగా, బ్రహ్మాండంగా ఉంది. "సూపర్" అని రిప్లై ఇచ్చి డబ్బులు పంపించేశా. కింద మొద్దు ఉందన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు, ఎందుకంటే గుర్తే లేదు. ప్రొడక్షన్‌లోకి వెళ్ళేముందు టెస్టింగ్ లేదని ఆఫీసులో రోజూ గొడవ పెట్టుకునే మనిషిని నేనే.

భూమిలో మిగిలిన మొద్దు ఊరుకోదు. తడికి కుళ్ళుతుంది, చెదలు తింటాయి. చెక్క ఉన్నచోట ఖాళీ ఏర్పడుతుంది. పైన మట్టి కొన్నాళ్ళు కప్పులా నిలబడి, ఒక గట్టి వానకి కూలుతుంది. వేళ్ళు వెళ్ళిన దారి పొడుగునా కాలవల్లా పల్లాలు పడతాయి. అందుకే చెట్టు పోయిన చాలా ఏళ్ళకి, అందరూ మర్చిపోయాక గొయ్యి బయటపడుతుంది. అమెరికాలో కొత్త కాలనీల్లో ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు కూడా ఇదే కష్టం పడుతుంటారు. కట్టేటప్పుడు మొద్దులూ చెక్కముక్కలూ పెరట్లో పూడ్చి పైన గడ్డి పరిస్తే, కొన్నేళ్ళకి అక్కడ నేల దిగుతుంది.

మా గొయ్యి మొదట బయటపడినప్పుడు ఏం చేశాను? ఫోన్ చేసి "ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి పోయించండి" అన్నా. పోశారు. కింద ఉన్న గడ్డి ఊపిరాడక చచ్చింది. చుట్టూ ఉన్న గడ్డి పాకి పైకి మాత్రం పచ్చగా కనిపించింది. వానలకి మట్టి మళ్ళీ కిందకి దిగింది. అంటే ముందు కనిపించే గొయ్యి ఉండేది, నా రిపేరు తర్వాత కనిపించని గొయ్యి తయారైంది. అమ్మ పడింది ఈ రెండోదాంట్లో.

ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. మూడు చెప్తా, ఎందుకంటే మీక్కూడా ఇవే చెప్తారు.

మొదటిది రోలర్. బరువైన రోలర్ తిప్పితే చదునైపోతుందని యూట్యూబ్ జ్ఞానం. తడి నేల మీద తిప్పితే మట్టి బిగుసుకుపోయి నీళ్ళు ఇంకవు, వేళ్ళకి గాలి అందదు. ఎత్తుపల్లాలు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. కింద ఖాళీ ఉంటే అది ఇంకా ముందే కూలుతుంది, అదొక్కటే లాభం.

రెండోది బూడిద. మా ఊళ్ళో ఏ గొయ్యి కనిపించినా ముందు గుర్తొచ్చేది అదే. మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం బూడిదే, సింహాద్రి 2000 మెగావాట్ల ప్లాంటు. బూడిదని వాడి తీరాలని కేంద్రం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది, 2021 డిసెంబర్ 31న ఇంకా గట్టిగా ఇచ్చింది. ఇటుకలకీ, సిమెంటుకీ, రోడ్ల గట్లకీ వాడటం మంచి పనే, నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ రోడ్డు గట్టులో కూడా బూడిద పైన మట్టి కప్పుతారు. లాన్‌లో పైపైన పోస్తే ఆరినప్పుడు పొడై ఎగురుతుంది, అందులో గడ్డికి కావాల్సిన నత్రజని దాదాపు ఉండదు, భారలోహాలు కొంత ఉంటాయి. పిల్లలు పొర్లే చోట నాకైతే వద్దు.

ముత్యాలమ్మపాలెం వైపు సముద్రం దగ్గరే కదా, ఇసుక తెచ్చుకోవచ్చుగా అని కూడా ఒకాయన అన్నాడు. ఆ ఇసుకలో ఉప్పు ఉంటుంది, పైగా తీరంలో ఇసుక తవ్వడం నిషేధం.

మూడోది నాన్న మాట. "ఎందుకొచ్చిన గొడవరా, మొత్తం టైల్స్ వేయించేద్దాం." ఇది కొట్టిపారేసే మాట కాదు. పెద్దవాళ్ళకి కాలు కింద గట్టి నేల కావాలి. కానీ కుళ్ళుతున్న మొద్దు మీద టైల్స్ వేస్తే, కొన్నాళ్ళకి అవీ కుంగుతాయి. అంచు లేచిన టైలు గడ్డిలో గొయ్యికన్నా ప్రమాదం. పైగా వాకిట్లో పడ్డ వాననీరంతా వీధిలోకి పోతుంది, మే నెల ఎండలో వాకిలి పెనంలా కాలుతుంది.

చివరికి దారి చూపించింది వీధి చివర ఉండే తాత. కొబ్బరిచెట్లు ఎక్కేవాడు ఒకప్పుడు. గునపం తీసుకుని నాలుగు చోట్ల పొడిచాడు. మూడు చోట్ల గట్టిగా ఆగింది, నాలుగోచోట మూరెడు లోతుకి సర్రున దిగిపోయింది. "పైన మన్నేస్తే ఏటౌద్ది బాబూ? కింద కుళ్ళిందేదో ముందు తియ్యాల గదా" అన్నాడు. మేం రూట్ కాజ్ ఎనాలిసిస్ అని గంటసేపు మీటింగ్ పెట్టి చేసే పని, ఆయన రెండు నిమిషాల్లో గునపంతో చేశాడు.

ఈసారి సెలవు పెట్టి వెళ్ళా. జులై మొదట్లో, వానలు పడి గడ్డి జోరుగా పెరిగే రోజులు చూసుకుని. చేసింది ఇదీ.

లోతు గొయ్యి దగ్గర గడ్డిని పారతో ప్లస్ గుర్తులా కోసి, రెండంగుళాల మట్టితో సహా నాలుగు వైపులకీ చాపలా మడిచాం. కింద మొద్దు, కుళ్ళిన వేళ్ళు దొరికినంతవరకు తీశాం. ఒకటిన్నర రోజు పట్టింది. తర్వాత మట్టి ఒకేసారి పోయకుండా నాలుగేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాం. చుట్టూ నేలకన్నా ఒక అంగుళం ఎత్తు ఉంచి, గడ్డిని మళ్ళీ పరిచి నీళ్ళు పెట్టాం. ఎలాగూ కొంచెం దిగుతుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి.

అంగుళం లోపు పల్లాలకి కోతలేం అక్కర్లేదు. ఏటి ఇసుక, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి జల్లించి, ఒక విడతకి అర అంగుళం మించకుండా చల్లి చీపురుతో లోపలికి ఊడవాలి. గడ్డి కొసలు పైకి కనిపిస్తూ ఉండాలి. మూడు నాలుగు వారాలకి గడ్డి పైకొచ్చాక ఇంకో అర అంగుళం. నేను ట్రాక్టర్‌తో చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. ఎత్తుగా ఉన్నచోట రివర్స్: గడ్డి లేపి, కింద మట్టి గీసి, మళ్ళీ పరచడం.

ఎత్తుపల్లాలన్నీ నేల తప్పే అనుకోకండి. కొరియన్ గ్రాస్ అని అమ్మే సన్నగడ్డి తన సహజగుణంగానే బుడిపెలు బుడిపెలుగా పెరుగుతుంది. పక్కన మట్టిపోగు, లోపలికి సొరంగం ఉంటే అది పందికొక్కు పని. గొట్టం లీకైతే ఎండాకాలంలో కూడా అక్కడ తడి ఉంటుంది. ఏది ఏమిటో తెలియకుండా మట్టి పోయడం దండగ.

చచ్చిన చోట కొత్త కార్పెట్ కొనలేదు, గరిక నాటాం. వినాయకచవితికి కోసే గరికే, ప్రపంచమంతా బెర్ముడా గ్రాస్ అని గోల్ఫ్ కోర్సుల్లో పెంచేది దాన్నే. పాకుతూ తనే ఖాళీలు కప్పేసుకుంటుంది.

నాన్న మాట కూడా సగం నెగ్గింది. గేటు నుంచి అరుగు దాకా మూడడుగుల వెడల్పు గట్టి బాట వేశాం. దానికి అటువైపు లాన్ తీసేసి అమ్మ అడిగిన కనకాంబరాలు పెట్టాం. లాన్ మూడో వంతు తగ్గింది.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. హైదరాబాద్, బెంగుళూరు, న్యూజెర్సీల్లో కూర్చుని ఊళ్ళో ఇంటికి లాన్లు ఆర్డర్ చేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నాం. ఫొటో మనకొస్తుంది. నీళ్ళు పెట్టేది, కలుపు తీసేది, చీకట్లో దాని మీద నడిచేది అమ్మానాన్నలు. వాళ్ళు నడిచే చోట గడ్డి కావాలా, బాట కావాలా అని ముందు వాళ్ళనే అడగండి. గొయ్యి పడిందని చెప్తే డబ్బు పంపి ఊరుకోకండి. వెళ్ళి గునపంతో పొడిచి చూడండి, లేదా పొడిచి చూసే మనిషిని పట్టుకోండి.

ఆరు వారాలకి కోతల గుర్తులు కలిసిపోయాయి. అరుగు పక్కన కొంచెం పల్లం ఇంకా ఉంది. వచ్చే నెల వెళ్ళినప్పుడు ఇంకో అర అంగుళం పోయాలి.